చెరపకూడని గీత

శుక్రవారం నాకు మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలట. "మంచినీళ్లు అందించు పనిపై తీసుకొనిరాబడిన విద్యార్థిని, మాట్లాడువారి జాబితాలో పేరు లేకున్నను, ముఖ్య అతిథుల సమక్షంలో ఎవరి అనుమతితో మాట్లాడినది?" అని ప్రశ్న. కింద సంతకం, గుండ్రటి ముద్ర. పద్నాలుగేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఇంత తప్పుడు ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ చూడలేదు.

జవాబు నాలుగు లైన్లలో రాసి పంపాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే ఈ ఆదివారం నాకు అన్నం దిగేలా లేదు.

మాది మహబూబ్‌నగర్‌కి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్తు హైస్కూలు. పోయినేడు, అంటే 1998లో, మా బడికి ఒక కంప్యూటరు, దానితోపాటు ఒక ఫోను లైను వచ్చాయి. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, పూల గుడ్డ కప్పి, గదికి తాళం వేశారు. ఆరు నెలలు ఎవరూ ఆ గుడ్డ తీసిన పాపాన పోలేదు. మా హెడ్మాస్టరు ఐలేశం సారు మంచి మనిషే, కానీ దేవుడికన్నా స్టాకు రిజిస్టరుకు ఎక్కువ భయపడతారు. తాళంచెవి అడిగినప్పుడల్లా ఒకటే మాట.

"అది ఖరాబైతే ఎవలు జవాబు చెప్పాలె, మంజులతమ్మా?"

"వాడకపోతే ఎవరు జవాబు చెప్పాలి సార్?" అని నేను. ఆయన నవ్వేసి రిజిస్టరు సర్దుకునేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ తాళం తెరిపించింది ఖుద్దూస్ సారు. ఆయన నల్లగొండ జిల్లాలో, చిట్యాల దగ్గరి ఒక బడిలో లెక్కలు చెప్తారు. ఎండాకాలం శిక్షణలో పరిచయమయ్యారు. వాళ్ల బడికీ ఇలాంటి కంప్యూటరే ఇచ్చారు. ఆయన తమ్ముడు మెహమూద్ హైదరాబాదులో కంప్యూటర్ల పని నేర్చుకున్నవాడు. అన్న అడిగాడని ఒక ఫ్లాపీ తయారు చేసిచ్చాడు. ఇక్కడ మా పిల్లలు "ఇరవై అడుగులు పో" అని కొడితే తెర మీద ఒక చుక్క నడిచి గీత గీస్తుంది. "ఇన్ని డిగ్రీలు తిరుగు" అంటే తిరుగుతుంది. ఫోను లైను బాగుంటే అదే గీత చిట్యాల పిల్లల తెర మీద కూడా పడుతుంది. మాట కూడా వినిపిస్తుంది, కొంచెం ఆలస్యంగా, బొంగురుగా. అంటే రెండు జిల్లాల పిల్లలు కలిసి ఒకే బొమ్మ గీయవచ్చు. ఐలేశం సారు స్వయంగా చూసి, నోరు తెరిచి, మరునాడే తాళంచెవి నా చేతికిచ్చారు.

ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి లైను కలిపేవాళ్లం. ఖుద్దూస్ సారు రెండే నియమాలు పెట్టారు. ఒక గీత మాది, ఒక గీత వాళ్లది. గీత తప్పు పడితే ఎవరూ చెరపకూడదు. తప్పు ఎక్కడుందో రెండు బడుల్లో ఎవరో ఒకరు కనిపెట్టి చెప్పాలి, చెప్పేదాకా అది తెర మీద ఉండాల్సిందే. మొదట్లో మా పిల్లలు తప్పు గీత పడగానే సిగ్గుతో తెరకు అడ్డం నిలబడేవాళ్లు. రెండు నెలలకు ఆ సిగ్గు పోయింది. తప్పు పడితే గది నిండా గోల మొదలయ్యేది, ఆ గోల వినడానికే నేను శనివారం కోసం ఎదురుచూసేదాన్ని.

మొన్న ఆగస్టులో మూడు భుజాలూ సమానమైన త్రిభుజం గీయబోయాం. ఇరవై అడుగులు నడిచాక ఎంత తిరగాలి? లోపలి కోణం అరవై కదా, అరవై కొట్టమని నేనే చెప్పాను. చుక్క అరవై తిరిగి నడిచింది, గీత బయటికెళ్లిపోయింది. చిట్యాల వాళ్లు మళ్లీ అరవై కొట్టారు. ఇంకా దూరం పోయింది. మూడు గీతలయ్యాయి, బొమ్మ మాత్రం మూసుకోలేదు. నేను మెషీను పాడైందనుకున్నాను. నిజం చెప్తున్నాను, తప్పు నాదని నాకు తట్టనే లేదు.

వెనక బెంచీ నుంచి జాహేదా లేచింది. తొమ్మిదో తరగతి. వాళ్ల నాయన కరీం రెండు ఎడ్లతో కౌలుకు చెలకలు దున్నుతాడు. నాగలి వెనక విత్తనాలు వేసేది ఈ పిల్లే.

"మేడం, మూల అరవై గని, ఎడ్లను అరవై మలిపితే చాలది," అంది.

"ఎడ్లేమిటే?"

"గా సుక్క ఎడ్ల లెక్క గదా మేడం. గట్టు పొంటి పోయినంక ఎడ్ల మొకం ముందటికే ఉంటది. మల్ల ఎనుకకు రావాలంటే మస్తు మలుపాలె. మూల సన్నగుంటే ఇంక ఎక్కువ మలుపాలె. మూడు మూలల చెలకల మా అబ్బాకు గక్కడనే చెమటలు పడుతయి."

నూట ఇరవై కొట్టాం. మూడు గీతలూ కలిశాయి. లైనులో చిట్యాల పిల్లల కేక ఒక క్షణం తర్వాత వచ్చింది. అక్కడ సైదమ్మ అనే పిల్ల "ఎవలు చెప్పిన్రు? పేరేంది?" అని మూడుసార్లు అడిగింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ దోస్తులు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు.

ఇది ఎలాగో పైవాళ్ల చెవిన పడింది. నవంబరులో ఒక ప్రత్యేకాధికారి జీపు దిగారు. ఆయన పేరు రాయను, రాస్తే నా కలానికే మైల. శనివారం పాఠం పావుగంట చూసి, జేబురుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు.

"ఐడియా బాగుందండీ. మహబూబ్‌నగర్‌లో హాలు తీసుకుని, పెద్ద తెర మీద వేద్దాం. హైదరాబాదు నుంచి పెద్దలొస్తారు, పత్రికల వాళ్లొస్తారు. కానీ ఈ పిల్లలు వద్దు."

"ఎందుకు సార్?"

"ఆ భాష వినలేదా మీరు? 'మలుపాలె', 'గట్ల', 'గిట్ల'. చదువుకున్న పిల్లల్లా అనిపించొద్దూ? టౌనులో మంచి ఇంగ్లీషు మీడియం స్కూలుంది. అక్కడి నుంచి ముగ్గుర్ని తీసుకుంటాను. మీరు డైలాగులు రాసివ్వండి."

"సార్, లెక్క కనిపెట్టింది ఈ పిల్లలు."

"లెక్క ఎవరిదైతే ఏమిటమ్మా, చెప్పే నోరు బాగుండాలి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ భాష మాట్లాడేవాళ్లే కదా ఈయన తినే జొన్నలు పండిస్తున్నది అని అడుగుదామనుకున్నాను. అంతలో ఆయన లేస్తూ లేస్తూ అన్నారు, "కార్యక్రమం బాగా జరిగితే కంప్యూటరూ ఫోనూ మీ బడికే. తేడా వచ్చిందా, వీటిని జిల్లా కేంద్రానికి మార్చే ఫైలు నా బల్ల మీదే ఉంది."

ఐలేశం సారు నా వైపు చూశారు. "జర సబర్ చెయ్యున్రి, మంజులతమ్మా. ఒక్క రోజు ముచ్చట. మిషిను మనకే ఉంటది," అన్నారు మెల్లగా.

సబర్ చేశాను. ఓర్చుకుని ఈ చేత్తోనే డైలాగులు రాశాను. జాహేదా కనిపెట్టిన నూట ఇరవైని ఆ టౌను పిల్లల నోట్లో పెట్టాను. జాబితా కూడా నేనే రాశాను. ముగ్గురు పిల్లల పేర్లు, కింద "మంచినీళ్లు: జాహేదా". నీళ్లివ్వడానికి మీ బడి పిల్లనొకదాన్ని తెమ్మన్నారు. కనీసం హాల్లో ఉండి చూస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి ఎంతసేపు.

పిల్లకు మాత్రం "హాలుకు వస్తున్నావు" అన్నాను, అంతే. ఆ మాటను వాళ్లింట్లో ఎలా అర్థం చేసుకున్నారో మంగళవారం పొద్దున బస్సు దగ్గర తెలిసింది. కరీం ఎడ్లను కట్టేసి వచ్చి నిలబడ్డాడు. జాహేదా యూనిఫారానికి ఇస్త్రీ మడత నలగలేదు.

"మేడం, జర మైకుల గట్టిగ మాట్లాడుమని చెప్పున్రి. దానికి సిగ్గెక్కువ," అన్నాడు.

బస్సెక్కాక చెప్పాను, నువ్వు నీళ్లివ్వాలి అని. జాహేదా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దేవరకద్ర రోడ్డు దాటాక అడిగింది.

"మాట్లాడేటోళ్ల లిస్టుల నా పేరు ఎందుకు లేదు, మేడం?"

"తర్వాత చెప్తాను," అన్నాను. సిగ్గులేని మాట.

హాలు నిండిపోయింది. వేదిక మీద పెద్ద తెర, ముందు వరసలో సోఫాలు. ముగ్గురు టౌను పిల్లలు టైలు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లనేమీ అనను, పాపం, పెదవుల్లోనే డైలాగులు వల్లెవేసుకుంటున్నారు. లైను కలిసింది. చిట్యాల నుంచి ఖుద్దూస్ సారు గొంతు వినబడింది. ఆయనకూ డైలాగులు పంపారట. చదవలేదని నాకు ముందే తెలుసు, "మా పిల్లలకు బట్టీ రాదు మేడం" అని ఫోనులో చెప్పారు.

మొదటి పిల్లవాడు ఇరవై అడుగులు కొట్టాడు. గీత పడింది. చప్పట్లు. రెండో పిల్ల "త్రిభుజంలోని మూడు కోణముల మొత్తము నూట ఎనభై డిగ్రీలు" అని అప్పజెప్పింది. మళ్లీ చప్పట్లు. మూడోవాడు తిరిగే కోణం కొట్టాడు. అరవై.

నేను నూట ఇరవై అని రాసిచ్చాను. ఆ స్కూలు లెక్కల సారు నా కాగితం చూసి, పల్లె టీచరమ్మ తప్పు రాసిందని కొట్టేసి, అరవై అని ఎర్ర సిరాతో దిద్దాడట. ఒక్కసారి మెషీను మీద కొట్టి చూసిన పాపాన పోలేదు. ఎందుకు చూస్తాడు, పుస్తకంలో అరవై అనే కదా ఉంది.

చుక్క బయటికి నడిచింది. పెద్ద తెర మీద, పెద్దల ముందు, గీత ఎటో పోయింది. పిల్లవాడు బెదిరి మళ్లీ అరవై కొట్టాడు. ఇంకా పోయింది.

"చెరిపెయ్, చెరిపెయ్," అన్నారు అధికారి, పళ్ల మధ్య నుంచి.

తెర పక్క స్పీకరు డబ్బాలోంచి సైదమ్మ గొంతు వచ్చింది. "చెరపకున్రి. చెరుపుడు లేదు. గీత ఎందుకు కలుస్తలేదో మీలో ఎవలన్న చెప్పున్రి."

టౌను పిల్లలు కాగితం వెతుక్కున్నారు. కాగితంలో ఆ ప్రశ్న లేదు.

"జాహేదా లేదా ఆడ?" అంది సైదమ్మ.

జాహేదా ముందు వరసలో ఎవరికో గ్లాసు అందిస్తోంది. ట్రే అక్కడే సోఫా చేతి మీద పెట్టింది. ఎవరినీ అడగలేదు. నన్ను కూడా చూడలేదు. వేదిక మెట్లెక్కి మైకు ముందు నిలబడింది.

"ఉన్న సైదమ్మా. వీళ్లు మూల కొలిచిన్రు, మలుపుడు కొలవలే," అంది. తర్వాత ఆ చెక్కల మీద తానే ఎడ్లై నడిచింది. ఇరవై అడుగులకు జాగా లేదు కాబట్టి నాలుగు వేసింది. ఆగి, చేయి ముందుకు చాపి, "నా మొకం ఇటున్నది. అటు రావాలె. సూడున్రి ఎంత మలుగుతున్ననో," అని తిరిగింది. మూడు మలుపులు తిరిగి మొదలుపెట్టిన చోటే, మొదట చూసిన వైపే చూస్తూ నిలబడింది. సోఫాలో ఒక పెద్దాయన ముందుకు వంగి తన చేతి వేళ్లతో గాలిలో గీసి చూసుకున్నాడు. ఆయనకు అర్థమైంది. హాల్లో చాలామందికి అర్థమైంది.

"మరి ఐదు మూలలదైతే ఎట్లనే?" అంది సైదమ్మ.

"ఎన్ని మూలలున్నా సరే..." అని జాహేదా మొదలుపెట్టింది.

అధికారి వంగి తీగ పీకేశారు. నేను కళ్లారా చూశాను. తెర నల్లబడింది. "క్షమించాలి, లైను కట్ అయింది," అన్నారు మైకులో, నవ్వుతూ. టౌను పిల్లలకు పూలగుత్తులిచ్చి ఫోటోలు తీశారు. జాహేదాను భుజం పట్టి మెట్లు దింపి, ట్రే చేతికిచ్చారు.

అప్పుడు నేనేం చేశాను? నిలబడ్డాను. ఇంతసేపు అందరినీ తిడుతున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. నిలబడి చూశాను.

బుధవారం పత్రికలో ఫోటో పడింది, ముగ్గురు పిల్లలూ పూలగుత్తులూ, "రెండు జిల్లాల గణిత ప్రదర్శన విజయవంతం" అని. కరీం ఆ పత్రిక తెచ్చుకుని బడికి వచ్చి "మా బిడ్డ ఏడున్నది మేడం?" అని వెతికాడు. ఫోటో అంచున ఒక చేయి, గ్లాసు కనిపిస్తున్నాయి. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, పత్రిక మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాటన్నా బాగుండేది. గురువారం జీపు వచ్చి కంప్యూటరును, పూల గుడ్డతో సహా, పట్టుకుపోయింది. "భద్రత దృష్ట్యా" అని కాగితంలో ఉంది. ఐలేశం సారు రిజిస్టరులో కొట్టివేత రాస్తూ కళ్లు తుడుచుకున్నారు. శుక్రవారం మెమో.

అదే శుక్రవారం బస్సులో ఒక కవరు వచ్చింది, చిట్యాల నుంచి. కండక్టరు తెచ్చిచ్చాడు. లోపల గీతల కాగితం మీద మూడు గీతలు, మూసుకోని ఐదు మూలల బొమ్మ. కింద సైదమ్మ చేతిరాత: "ఎన్ని మూలలున్నా సరే అన్నవు. తర్వాత ఏమన్నవో ఇనబడలే. రెండు గీతలు నువ్వు గియ్యి."

నిన్న శనివారం. నాలుగింటికి అలవాటుగా తొమ్మిదో తరగతి పిల్లలంతా కూర్చునే ఉన్నారు. గది మూలన వట్టి బల్ల. కవరు జాహేదా చేతికిచ్చాను. తను అందరినీ బయటికి తీసుకెళ్లి, మట్టిలో నడిచి చూపించింది.

"మొదలు ఎటు మొకం పెట్టినమో, ఆఖరికి మల్ల అటే మొకం రావాలె గద. అంటే ఎడ్లు నిండ ఒక్క సుట్టు తిరిగినట్టే. ఎన్ని మూలలున్నా సరే, గా ఒక్క సుట్టునే అన్ని మూలలు పంచుకుంటయి. మూడైతే మూడు పాళ్లు. ఐదైతే ఐదు పాళ్లు."

మూడు వందల అరవైని ఐదుతో భాగించి డెబ్భై రెండు అని మిగతావాళ్లు అరిచారు. రెండు గీతలూ గీసి బొమ్మ మూసేశారు. తీగ పీకితే ఆగిపోయిన వాక్యం ఇది. పుస్తకంలో దీనికి పెద్ద పేరుంది. నాకు డిగ్రీలో ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు.

లోపలికి వచ్చాక మెమోకు నేను పంపిన జవాబు పిల్లలకు చదివి వినిపించాను. "ఆ రోజు తెర మీద పడిన గీత తప్పు. తప్పెక్కడుందో ఆ హాల్లో తెలిసిన పిల్ల ఒక్కతే. ఆ పిల్ల చేతిలో నీళ్ల ట్రే ఉంది. ఆ ట్రే పట్టించింది నేనే, సంజాయిషీ అడగవలసింది దానికి."

జాహేదా తల దించుకుంది. బస్సులో అడిగిన ప్రశ్నకు ఇంకా నేను బాకీయే. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఆ జాబితా ఉన్నదున్నట్టు రాశాను. ముగ్గురు టౌను పిల్లల పేర్లు. కింద, మంచినీళ్లు: జాహేదా. దాని కింద, రాసినవారు అని నా పేరు.

"మాట్లాడేవాళ్ల లిస్టులో నీ పేరు ఎందుకు లేదని అడిగావు," అన్నాను. "నేను భయపడ్డాను. మెషీను పోతుందని భయపడి నిన్ను తీసేశాను. చివరికి మెషీనూ పోయింది. ఇదీ జవాబు."

ఇంక ఆ అక్షరాలు చూడలేక డస్టరు అందుకున్నాను.

"ఉండనియ్యున్రి, మేడం," అంది జాహేదా. "చెరుపుడు లేదు గద."

డస్టరు బల్ల మీద పెట్టేశాను. సాయంత్రం తాళం వేయడానికి వచ్చిన ఐలేశం సారు బోర్డు చూసి కంగారుపడ్డారు. సోమవారం ఆ అధికారి విచారణకు ఇదే గదికి వస్తున్నారు, తుడిపించనా అని అడిగారు. వద్దన్నాను. ఆయన ఇంకోసారి చదివి, తుడవకుండానే తాళం వేశారు.